తడి కుర్చీ

మా వైపు ఎవరింటికి వెళ్లినా కుర్చీ తుడిచి గానీ వెయ్యరు. మర్యాద మంచిదే. తుడిచే గుడ్డే తడిది. ఆ మర్యాద పొందినవాడు వెనక్కి అడుగులేస్తూ సెలవు తీసుకోవాలి.

ప్రత్యేక విద్యలో మాస్టర్స్ చదువుతూ, రెండు నెలలపాటు ప్రతి శనివారం నేను అలాగే సెలవు తీసుకున్నాను. మలికిపురం దగ్గర ఒక ఇంట్లో పదిహేనేళ్ల అమ్మాయి ఉంది. ఊళ్లో అమాయకురాలు అంటారు; మా పుస్తకాల్లో దానికి చాలా పొడుగు పేరుంది. తండ్రి కువైట్‌లో డ్రైవరు. ఆ అమ్మాయికి ఒక పని నేర్పి, నేర్చుకుందని తల్లిచేత సంతకం పెట్టించి నివేదిక ఇస్తే నా చదువు పూర్తవుతుంది. లేకపోతే ఇంకో ఏడాది.

నేను ఎంచుకున్న పని ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లివ్వడం. దాన్ని తొమ్మిది మెట్లుగా విడగొట్టాను. గ్లాసు తియ్యడం, బిందె మూత తియ్యడం, నీళ్లు ముంచడం, ఈ మూడూ సునాయాసంగా ఎక్కేసేది. నాలుగోది, గ్లాసుతో వచ్చినవాళ్ల దగ్గరకు నడవడం. అక్కడ ఆగి ఆ నీళ్లు తనే తాగేసేది. నివేదికలో దానికి గడి లేదు.

ఆఖరి శనివారం ఐదు గ్లాసులు తాగి తలుపు వెనక్కి పోయింది. నాకు కాస్త చిరాకు వచ్చింది. అది నీళ్ల మీద చూపించడం బాగుండదని కుర్చీ మీద చూపించాను.

“అక్కగారూ, ఏమీ అనుకోకండి. ఇకనైనా ఈ కుర్చీ పొడిగుడ్డతో తుడవండి.”

“నేనెప్పుడు తుడిచేనండీ?” అంది తల్లి. “మీ బండి చప్పుడు వంతెన కాడ ఇనపడగానే ఇదే లగెత్తుకొచ్చి కుర్చీ ఏత్తాదండి. గుడ్డ తడుపుతాది, పిండుతాది, తుడుత్తాది. మీరు గుమ్మంలోకొచ్చేసరికి లోపలికెళ్లి దాక్కుంటాది.”

“పిండుతుందా?”

“ఆ పిండడవే సరిగ్గా రాదండి. అందుకే మీకు అలాగ...” అని కొంగు అడ్డం పెట్టుకుంది.

తలుపు వెనకనుంచి అమ్మాయి కూడా నవ్వింది.

మనసులో మెట్లు లెక్కపెట్టాను. చప్పుడు పోల్చుకోవడం, కుర్చీ తేవడం, గుడ్డ తడపడం... ఏ రకంగా చూసినా ఏడెనిమిదికి తక్కువ లేవు. నివేదిక మొదటి పేజీలో ‘మంచినీళ్లివ్వడం’ కొట్టేసి, పైన ‘కుర్చీ తుడవడం’ అని రాశాను. దస్తూరీ చక్కగా కుదిరింది. సంతకం చోటు చూపించి పెన్ను ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ పదో తరగతి చదివింది. సంతకం పెట్టేముందు కాగితం చదివే అలవాటు కూడా ఉంది. ‘ఉపాధ్యాయుని శిక్షణ వలన నేర్చుకున్నది’ అన్నచోట ఆగింది.

“ఆయ్, సంతకం పెడతానండి. కానీ మాస్టారూ, ఇది మా అత్తగార్ని చూసి దానంతటదే నేర్చుకుందండి. మరి మీరేటి నేర్పేరు?”