కటింగ్ వదిన

మా కటింగ్ వదిన పోయింది. మంగళవారం పోయింది. దుకాణం బందు ఉండే రోజు చూసుకుని మరీ పోయినట్టుంది. వేరే రోజైతే ఎవడి గడ్డమో సగంలో ఆగిపోయేది. పొద్దున చాయ్ పెట్టుకుని మంచం మీద ఒరిగిందట. చాయ్ చల్లారింది, ఆమె లేవలేదు అని కొడుకు వచ్చి చెప్పాడు. నాకు చెప్పులు వేసుకోవడానికే చాలాసేపు పట్టింది. ఈ వయసులో చావు కబురు వింటే ఏడుపు తర్వాత, ముందు అలసట వస్తుంది.

సూరత్‌లో ఉన్ అనే పేట దగ్గర మా గల్లీ. ఉన్నవాళ్లంతా తెలంగాణ పల్లెల నుంచి వచ్చి సాంచెల మీద బట్ట నేసేవాళ్లే. వదిన భర్త మా అందరికీ జుట్టు కత్తిరించేవాడు, నాకు వరసకు అన్న. ఆయన జ్వరంతో పోయేనాటికి ఒక్కడే కొడుకు, ఇంకా బడికి పోతున్నాడు. అప్పటిదాకా వదిన ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. ఇక్కడ ఆ పనినీ కటింగ్ అనే అంటారు.

ఆయన దినాలయ్యాక ఆమె దుకాణం తెరిచి, కుర్చీ తుడిచి, కత్తెర పట్టుకుని నిలబడింది. ఒక్కడూ కూర్చోలేదు. ఆడమనిషి ముందు తల వంచాలంటే మావాళ్లకు మెడలు పట్టేశాయి. అందరూ గడ్డాలు పెంచుకుని తిరిగితే మా గల్లీ సాధువుల మఠంలా తయారైంది.

బోర్డు పెడితే జనం వస్తారని కొడుకు వచ్చీరాని హిందీలో 'కటింగ్' అని ఒక్క ముక్క రాసి వేలాడదీశాడు. మరునాడు గుమ్మం ముందు టెంపో ఆగింది. మార్కెట్ మనిషి చీరల మూటలు దించి, "బేన్, పరసో తక్ హో జాయేగా?" అన్నాడు, ఎల్లుండికల్లా అయిపోతుందా అని. ఆడమనిషి, చేతిలో కత్తెర, పైన బోర్డు. పాపం, వాడి తప్పేముంది? వదిన ఆ మూటలు వెనక్కి పంపలేదు. గిరాకీ కోసం వేసిన కుర్చీలో తనే కూర్చుని దారాలు కత్తిరించింది. ఆ ఇంటికి చాలా రోజులు అన్నం పెట్టింది ఆ చీరలే.

నేను అటు పోతూ ఊరుకోలేక, "వదినా, చీరెలకు కటింగేనా, గడ్డం గూడ గీస్తున్నవా?" అన్నాను.

"చీరెలే నయం మరిదీ. నీ లెక్క వాటికి నోరు లేదు," అంది తలెత్తకుండా.

ఆ తర్వాత మా గల్లీ పిల్లగాడొకడికి ఊళ్లో తండ్రి పోయాడు. సెలవు దొరకలేదు. పదో దినం గుండు ఇక్కడే గీయించుకోవాల్సి వచ్చింది. బజారు సెలూన్‌లో పాటలు పెట్టి, పాన్ నములుతూ గీయబోయారట. కత్తి ఆనకముందే లేచివచ్చి వదిన గడప మీద కూర్చున్నాడు. వదిన పీట వేసి, నెత్తి తడుపుతూ అడిగింది.

"మీ నాయిన నిన్ను ఏమని పిలుస్తుండెరా?"

"పోరగా అని."

"తిడుతుండెనా?"

"రోజూ."

"ఏమని తిడుతుండె? జర చెప్పు, నేను గూడ వింట."

వాడు చెప్పాడు. చెబుతూ నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. గుండు అయ్యేసరికి, చుట్టూ ఉన్న మాకు ఆ పెద్దాయనను చూసి వచ్చినట్టే ఉంది.

అప్పటినుంచి ఊరికి పోలేనివాళ్లంతా ఆమె దగ్గరికే వచ్చారు. గుండు గీయించుకున్నవాడు జుట్టు పెరిగాక ఇంకెక్కడికి పోతాడు? కుర్చీ నిండింది. కొడుకు పెద్దవాడై హజీరా ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు, పెళ్లయింది, మనవరాలు పుట్టింది. ఇక్కడే పుట్టిన పిల్ల కదా, నానమ్మ అనదు, గుజరాతీల లెక్క 'బా' అంటుంది. బ్యూటీ పార్లర్ పని నేర్చుకుంటానంటే, "నేనుండంగ పార్లరెందుకే?" అని వదిన తన దగ్గరే పెట్టుకుంది.

డుమస్‌కు తీసుకుపోయి సముద్రం చూడమంటే ఆమె జనం తలలు చూసేది. "గా పిల్లగానికి ఎవడో ఎన్క మెట్లు కొట్టిండు," అని ఇంటికొచ్చేదాకా బాధపడేది. నా తల దగ్గరికొస్తే, "నీకు కటింగ్ తక్వ మరిదీ, ఎంటికలు దేవులాడుడే ఎక్వ," అనేది. ఎన్ని మాటలన్నా ఆ నాలుగు వెంట్రుకలకూ చివరిదాకా పూర్తి మర్యాద చేసింది. అంత నిదానంగా నా తల పట్టుకున్న చేతులు వేరే లేవు.

మొన్న ఆమె పదో దినం. దుకాణం ముందు కొడుకు పీట మీద కూర్చున్నాడు. మనవరాలు కత్తి తీసుకుని ముందుకొచ్చింది. కార్ఖానాలో మా అందరి మీద ముకద్దంగా చేసిన పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంటి పిల్ల, మైలల ఉన్నది. గిట్లెక్కడన్న ఉంటదా? బజార్ల కెల్లి ఎవన్నన్న పిలువుండ్రి."

పిల్ల ముఖం పాలిపోయింది. ఎందుకో మా అందరికీ తెలుసు. ఈ రోజు కన్నతండ్రే ఆమె చేతి కింద కూర్చోకపోతే, రేపు ఆ కుర్చీలో ఎవడూ కూర్చోడు.

"దాదా, బా నాకే నేర్పింది కదా. బీజుం కోణ్ కరశే?" అంది. ఇంకెవరు చేస్తారని.

నాకు నిలబడే ఓపిక లేక గోడకు ఆనుకుని ఉన్నాను. నోటికి మాత్రం ఇంకా అలుపు రాలేదు.

"ఏం ముకద్దం, మీ అవ్వ పోయిననాడు నీ గుండు ఎవలు గీసిండ్రు? నువ్వు ఏడ్చిన ఏడ్పుకు వదిన బకీట్ల నీళ్లు ముట్టనే లేదు."

నలుగురూ నవ్వారు. ముకద్దం నవ్వలేదు గానీ ఆయన చెయ్యి కిందికి దిగింది.

"రా బిడ్డా, కానియ్యి," అన్నాడు కొడుకు, తల వంచి.

పిల్ల మెల్లగా గీసింది. వదిన లెక్క ఏమీ అడగలేదు. చెవి వెనక్కి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ జుట్టు కింద నుంచి తెల్లని గీత ఒకటి బయటపడింది.

"పప్పా, గిదేంది?"

"మీ బా చేసిందే. మా నాయిన పోయినంక ఆమె కత్తి పట్టుడు నేర్సుకున్నది నా తల మీద్నే. తెగింది. నాకంటె ఆమెనే ఎక్వ ఏడ్చింది. ఎవ్వలకు చెప్పకు కొడుకా, గిరాకీ రారు అన్నది. ఇయ్యాల్టిదాక చెప్పలె."

పిల్ల కత్తి పక్కకు పట్టుకుని, తడి బొటనవేలు ఆ గీత మీద పెట్టి అలాగే నిలబడింది. ఆయన తల ఎత్తలేదు. చెవి మీదుగా నీళ్లు కారి మెడలోకి పోతున్నాయి. ఎవరూ తొందరపెట్టలేదు.