గడ్డం దాకా ఆయనది

ఆ వీధిలో ఎవరినడిగినా మొహాలాయన ఇల్లు చూపిస్తారు. స్కూళ్ళూ బ్యాంకులూ ఆస్పత్రులూ గోడలకి వేలాడదీసుకునే పెద్దమనుషుల బొమ్మలు తయారయ్యేది ఆ ఇంటి ముందుగదిలోనే. మొహాలాయన మొహం వేస్తాడు. గడ్డం కింద నుంచి బొమ్మంతా ఆయన భార్యది. చొక్కా మడతలు, కోటు గుండీలు, చేతులు, కుర్చీ, వెనకాల తెర అన్నీ ఆవిడే వేస్తుంది. గడ్డానికి పైన ఉన్నా జుట్టు కూడా ఆవిడ వాటాకే వచ్చింది. తన తలమీదే నిలవనిదాన్ని పాపం ఆయన ఇంకొకరి తలమీద ఎలా నిలబెడతాడు! చెవులకి మాత్రం ఫలానావాళ్ళవని హద్దు లేదు. ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు కానిచ్చేసేవారు.

ఇంత చేసినా ఆవిడకి వీధిలో ఉన్న పేరు 'మొహాలాయన భార్య'. బొమ్మ కింద ఉండేది ఆయన సంతకం. తమాషా ఏమిటంటే ఆ సంతకం పెట్టేది కూడా ఆవిడే. కొత్తకాపురం రోజుల్లో ఒకసారి ఆయన సన్నకుంచె ఆవిడ చేతికిచ్చి, "ఎలాగూ కింద ఉంది, అదీ నువ్వే పెట్టెయ్" అన్నాడు. ఆవిడ మురిసిపోయి ముత్యాల్లాంటి అక్షరాలతో ఆయన పేరు రాసిపెట్టింది. ఆ మురిపెం ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలియదు గానీ, అలవాటు మాత్రం ఉండిపోయింది.

ఇలా ఉండగా ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మ రిటైరవుతోందని, హాల్లో పెట్టడానికి ఆమె బొమ్మ కావాలని కబురొచ్చింది. మొహాలాయన భార్య పురిట్లో చచ్చి బతికినప్పుడు రాత్రంతా మంచం పక్కన నిలబడి తల్లినీ పిల్లనీ దక్కించింది ఆ డాక్టరమ్మే. ఈ ఒక్క బొమ్మ కింద తన పేరు ఉండాలని ఆవిడకి గట్టిగా అనిపించింది. అడగడానికి రెండు రోజులు గొంతు సవరించుకుని, చివరికి అడిగేసింది.

"ఏమండీ, దీని కింద నా పేరు కూడా పెడతాను."

మొహాలాయన అప్పుడు డాక్టరమ్మ ముక్కు దగ్గర ఉన్నాడు. తలైనా తిప్పకుండా, "రెండు పేర్లుంటే చూసేవాళ్ళు తికమకపడతారే. అయినా జనం చూసేది మొహమేగా" అన్నాడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"అయితే మీ మొహం మీరు చూసుకోండి. నా పని నేను చూసుకుంటా."

అన్నంతపనీ చేసింది. పొద్దున వెలుగులో ఆయన, భోజనాలయ్యాక ఆవిడ, వంతులవారీగా పని సాగింది. ఆయన వేసిన మొహం కంటపడకూడదని ఆవిడ ఒక గుండ్రటి అట్టని కర్రకి తగిలించి, డాక్టరమ్మ మొహానికి అడ్డంగా నిలబెట్టుకుని పనిచేసింది. నేనేం తక్కువ తిన్నానా అని ఆయన పాత దుప్పటికి మొహమంత కన్నం చేసి, దాన్ని బొమ్మ ముందు వేలాడదీసుకున్నాడు. అత్తగారు మధ్యలో ఉండి కొన్నాళ్ళు కబుర్లు మోసింది. ఆ తరవాత, "మీ ఇద్దరి మధ్యా నన్ను బంతిలా ఆడించకండర్రా" అని పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. సంతకం పెట్టే మూల ఖాళీగానే ఉండిపోయింది. ఆయన పేరు రాయడానికి ఆవిడకి మనసొప్పలేదు, తన పేరు రాయడానికి ధైర్యం చాల్లేదు. రంగు ఆరాక ఆస్పత్రి మనుషులొచ్చి బొమ్మకి గుడ్డ చుట్టి పట్టుకెళ్తుంటే, మొగుడూ పెళ్ళాం చెరో గోడకేసి చూస్తూ నిలబడ్డారు.

హాల్లో జనం కిక్కిరిసిపోయారు. గుడ్డ తీశారు. చప్పట్లు మొదలై, ఎందుకో మధ్యలోనే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ముందువరసలోంచి అత్తగారి గొంతు ఖంగుమంది.

"ఒరేయ్, చెవులేవిరా?"

నిజమే. కళ్ళు, ముక్కు, చిరునవ్వు, దువ్విన నెరిసిన జుట్టు, ఇస్త్రీ తెల్లకోటు, మెళ్ళో స్టెతస్కోపు, అన్నీ ఉన్నాయి. చెవులే లేవు. అట్ట చాటునా దుప్పటి చాటునా పడి, అవి ఎవరికీ దక్కకుండా పోయాయి. డాక్టరమ్మ అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"స్టెతస్కోపు ఎంత ముచ్చటగా వేశారో! మరి దీన్నెక్కడ పెట్టుకోను?" అని పకపకా నవ్వింది. హాలంతా గొల్లుమంది.

మొహాలాయన భార్యకి మాత్రం ప్రాణం చచ్చిపోయింది. తను పేరు అడగబట్టే కదా ఇంత రభస, ఇక జన్మలో అడగకూడదని ఒట్టు పెట్టుకుంటోంది. ఈలోగా పక్కన మొగుడు లేచి నిలబడ్డాడు.

"డాక్టరమ్మా, ఆ మొహం ఒక్కటే నాది. మిగిలిందంతా మా ఆవిడ వేసింది. ఇన్నాళ్ళూ బొమ్మల కింద నా పేరు రాసింది కూడా తనే. ఈసారి తన పేరు పెట్టుకుంటానంటే నేను కాదన్నాను. ఆ గొడవలో మీ చెవులు పోయాయి."

ఆవిడ తలెత్తి ఆయనకేసి చూసింది.

"పోతే తెప్పించుకుందాం. నేనిక్కడే కూర్చుంటా, వేసేయండి" అంది డాక్టరమ్మ.

ఇంటినుంచి రంగుల పెట్టె వచ్చింది. ఎడమచెవి ఆయన, కుడిచెవి ఆవిడ మొదలుపెట్టారు.

"మీ చెవితమ్మె మరీ కిందకి జారుతోంది."

"నీది నువ్వు చూసుకోవే."

అన్ని రోజుల తరవాత మాటలు కలిసింది అలాగ. చెవులు పూర్తయ్యాయి, కవలలు కాకపోయినా అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. ఆవిడ సన్నకుంచె అందుకుని కింది మూలకి వంగింది. అలవాటుపడ్డ చెయ్యి సరాసరి ఆయన పేరులో మొదటి అక్షరం మీదకే పోబోయింది. చటుక్కున ఆగిపోయింది.

మొహాలాయన కుంచె తీసుకుని నేలమీద గొంతుకూర్చున్నాడు. పెళ్ళయ్యాక గడ్డం కింద ఆయన కుంచె పెట్టడం అదే మొదలు. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి భార్య పేరు రాశాడు. ఒక అక్షరం బండగా, ఒకటి బక్కగా వచ్చాయి. చివరిది జాగా చాలక, ఆవిడ అంత ఓపిగ్గా వేసిన కుర్చీకాలు ఎక్కి కూర్చుంది.

ఆవిడ రంగుగుడ్డతోనే కళ్ళు ఒత్తుకుంది. చెంప నిండా ఆకుపచ్చ రంగు అయింది.

"ఆగు, గడ్డం పైదంతా నా వాటా" అని ఆయన ఆ గుడ్డ లాక్కుని చెంప తుడిచాడు.

పనిలో పని, కుర్చీకాలు మీద అక్షరం కూడా తుడిచి సరిగ్గా రాస్తానన్నాడు. దాన్ని మాత్రం ఆవిడ ముట్టుకోనివ్వలేదు.