ఊపిరి పీల్చే ఉద్యోగం

మా పెద్దమ్మ గొంతు మీరు తప్పకుండా వినే ఉంటారు. గాయని చరణం ముగించి ఆగినచోట వెనక నుంచి పదిమంది ఆడవాళ్ళు "ఆ..." అని అందుకుంటారు చూడండి, ఆ పదిమందిలో ఆమె ఒకతె. మా పెదనాన్న సిటీ బస్సు నడిపేవాడు. ఆయన సీటు పక్కన చిన్న రేడియో ఉండేది. ఆమె గొంతు కలిపిన పాట వచ్చినప్పుడల్లా దగ్గర్లో నిలబడ్డవాళ్ళతో "మా ఆవిడ పాడుతోందండీ" అనేవాడు. వాళ్ళు చెవులు రిక్కించి "ఏదీ?" అంటే, "ఇప్పుడు కాదు, ఆగండి... ఆ, అదిగో! అయిపోయింది" అనేవాడు. ఇంటికొచ్చి ఈ ముచ్చట చెప్పి అందరినీ నవ్వించేవాడు. పెద్దమ్మ కూడా నవ్వేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మా వంశంలో గట్టిగా మాట్లాడేవాళ్ళే తప్ప పాడేవాళ్ళు లేరు. ఉన్న ఒక్కతెనీ ఆటపట్టిస్తే ఎలా?

పెళ్ళికి ముందు పెద్దమ్మ ఒక టైలరింగ్ షాపులో చొక్కాలకి కాజాలు కుట్టేది. కుడుతూ పాడుకునేది. మిషన్ల మోతలో కూడా శ్రుతి తప్పకుండా పాడుతోందని షాపాయన గమనించాడు. పాటలు రికార్డు చేసే స్టూడియోలో కొత్త గొంతుల కోసం చూస్తున్నారని విని, ఒక పూట సెలవిచ్చి మరీ పంపాడు. మా అమ్మ బట్టలు అరువు తీసుకుని కట్టుకెళ్ళింది. అక్కడ సంగీత దర్శకుణ్ణి అందరూ మాస్టారు అంటారు. ఆయన కళ్ళు మూసుకుని పాటంతా విన్నాడు. సగంలో ఆపేస్తాడని భయపడ్డ పెద్దమ్మకి ప్రాణం లేచొచ్చింది.

"శ్రుతి తప్పలేదమ్మా. తాళమూ తప్పలేదు. కానీ నువ్వు ఆ తలుపు దాటగానే నీ గొంతు ఎలా ఉందో నాకు గుర్తుండదు. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడాయన.

కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదట. మెట్ల మీద కూలబడి ఏడుస్తుంటే, చేతిలో ఫ్లాస్కు పట్టుకుని ఒక లావుపాటి మనిషి ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది. కోరస్‌కి ఆవిడే పెద్ద. బుగ్గలు పూరించి పాడుతుందని బూరక్క అని పేరు పెట్టారు. ఏమైందని అడిగి, సంగతి విని, ఆవిడ కూడా మెట్ల మీద చతికిలబడి పకపకా నవ్వింది.

"గుర్తుండని గొంతా? పైగా శ్రుతి తప్పదా? ఎక్కడున్నావే తల్లీ ఇన్నాళ్ళూ! నా దగ్గరున్నవాళ్ళంతా మహారాణులే. మైకు తన కోసమే పెట్టారనుకునేది ప్రతిదీను. నలుగురిలో కలిసే గొంతు కోసం నా కళ్ళు కాయలు కాశాయి. లే, మొహం కడుక్కో!"

ఆ మధ్యాహ్నమే పెద్దమ్మ మైకు ముందు నిలబడింది. కాజాలు కుట్టే పని అక్కడితో సరి. "ఆ మాస్టారి నోట్లో పంచదార పొయ్యాలే! గుర్తుంటుంది అని ఉంటే నా గతేమయ్యేదో" అని జీవితమంతా అంటూనే ఉంది. ఆ మాట వెటకారంగా అనలేదు. నేనైతే ఆ మాస్టారిని నాలుగు దులిపి వచ్చేదాన్ని.

కోరస్ పని చూసినవాళ్ళకే తెలుస్తుంది. మైకు చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబడతారు. గొంతు పెద్దదైనవాళ్ళు వెనక, చిన్నదైనవాళ్ళు ముందు. చేతుల గాజులు, మెడలో గొలుసులు తీసి గుమ్మం దగ్గర గిన్నెలో పెట్టాలి. కొత్త బట్టలు కట్టుకొస్తే ఆ సరసర కూడా మైకులో పడుతుందని బూరక్క తిట్టిపోసేది. అందుకే పండగొచ్చినా పబ్బమొచ్చినా పెద్దమ్మ కొత్త బట్టని నాలుగుసార్లు ఉతికి గాని పనిలోకి కట్టేది కాదు. పక్కవాళ్ళ గొంతు నీకు వినిపించాలి, నీ గొంతు పక్కవాళ్ళకి వినిపించకూడదు, ఇదీ బూరక్క పాఠం. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయి ఇంట్లో కూర్చున్నాక మైకు ఎదురుగా నడిమి చోటు పెద్దమ్మకి వచ్చింది.

ఆ చోటుకి వచ్చాక ఒకే ఒక్క ఫిర్యాదు. అద్దాల గదిలో కూర్చుని రికార్డు చేసే సౌండాయన ముక్కుసూటి మనిషి. "అమ్మా, పాట ఎత్తుకునే ముందు మీ ఊపిరి మైకులో పడుతోంది. మెల్లగా పీల్చండి" అని గొణిగేవాడు. పెద్దమ్మ బుద్ధిగా తలూపేది. మరుసటిసారి మళ్ళీ అంతే, భుజాలు లేచేవి, ఊపిరి వినపడేది. ఆయన విసుక్కుంటూ ఆ ముక్క కత్తిరించేవాడు. ఏళ్ళ తరబడి వాళ్ళిద్దరి మధ్యా ఇదే భాగోతం.

ఇరవై ఏళ్ళు దాటాక పెద్దమ్మ గొంతు బొంగురుపోయింది. మిరియాలు, వేణ్ణీళ్ళు ఏవీ పనిచెయ్యలేదు. "చేతికి కాయలు కాచినట్టు గొంతులో కాచాయి, తీసెయ్యాలి" అన్నాడు డాక్టరు. ఆపరేషన్ అయ్యాక నెల రోజులు మాట్లాడొద్దన్నాడు. ఒకసారి చప్పట్లు కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. పెదనాన్న పొద్దున లేవగానే ఎదురొచ్చి "నేను మంచివాణ్ణేనా?" అని అడిగి రెండు కొట్టించుకుని గాని బస్సు ఎక్కేవాడు కాదు. ఆ నవ్వుల వెనక అందరికీ గొంతు మళ్ళీ వస్తుందో రాదో అన్న భయమే. చివరికి మాట వచ్చింది, పాట రాలేదు. పై స్వరానికి వెళ్ళబోతే వట్టి గాలి వచ్చేది.

తిండికీ బట్టకీ లోటు లేదు, పెదనాన్న సంపాదన ఉంది. కానీ పెద్దమ్మకి కావలసింది ఆ గది. గోడలకి మెత్తటి గుడ్డ తాపడం చేసిన ఆ గది, మైకు ముందు తన చోటు, అటూ ఇటూ ఆ మనుషులు. పాడలేని మనిషికి పాటల గదిలో ఏం పని అని ఎవరో అనకముందే తనే అనుకుంది.

"సెలవు చెప్పి వచ్చేద్దాం, తోడు రావే" అంది నాతో. అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను.

మేం వెళ్ళేసరికి రికార్డింగ్ జరుగుతోంది. అద్దాల గదిలో ఒక మూల కూర్చున్నాం. ఆ పాటలో వేణువు తాళం లేకుండా తన ఇష్టం వచ్చినంతసేపు సాగి ఆగుతుంది. ఆగిన మరుక్షణం కోరస్ మెత్తగా అందుకోవాలి. అందుకోలేకపోతున్నారు. ఒకరు ముందు, ఇద్దరు వెనక. మాస్టారు అద్దం ఇవతల నుంచి చెయ్యి ఊపి చూపించాడు. అయినా చెదిరింది. మళ్ళీ చేశారు, మళ్ళీ చెదిరింది. వేణువాయన పెదాలు తుడుచుకుంటూ విసుగ్గా చూశాడు. మాస్టారి మొహం ఎర్రబడింది.

"ఇన్నేళ్ళూ సరిగ్గా ఎత్తుకున్నారు కదమ్మా! ఇప్పుడేం రోగం?" అని అరిచాడు మైకులో.

లోపల ఒకావిడ అద్దంలోంచి మమ్మల్ని చూసింది. "మాస్టారూ, అక్కని ఒకసారి లోపలికి పంపండి. పాడక్కర్లేదు. ఊరికే తన చోట్లో నిలబడితే చాలు" అంది.

పెద్దమ్మ వద్దు వద్దంటూనే గాజులు తీసి గిన్నెలో పెట్టి వెళ్ళింది. వేణువు సాగింది, సాగింది, ఆగింది. పెద్దమ్మ భుజాలు లేచాయి. అలవాటు, పాపం. పాడనని తెలిసినా నిండుగా ఊపిరి పీల్చింది. ఆమె పీల్చడం అవగానే తొమ్మిది గొంతులు ఒక్క గొంతై లేచాయి. నాకు సంగీతంలో అ ఆ ఇ ఈ కూడా రావు. అయినా ఒళ్ళు జలదరించింది.

పాట అయ్యాక సౌండాయన మీట నొక్కి వెనక్కి తిప్పి ఆ చోటు మళ్ళీ విన్నాడు.

"ఊపిరి పడింది" అన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పడనీ. ఇది ఉంచేస్తాను" అన్నాడు.

కోరస్ వాళ్ళకీ అప్పుడే తెలిసింది, ఇన్నేళ్ళూ వాళ్ళు చూస్తున్నది మాస్టారి చెయ్యి కాదని. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చెప్పుకోలేదు. పెద్దమ్మ పీలిస్తే పీల్చడం, ఆమె వదిలితే పాడటం, అంతే. స్టూడియో మేనేజరు వచ్చి, "పాడకుండా నిలబడే మనిషికి ఏ పని కింద డబ్బు రాయాలి మాస్టారూ?" అని నసిగాడు. "కోరస్ కింద. ఇంకే పని కింద రాస్తావయ్యా?" అని మాస్టారు కసిరాడు. ఆయన మీద నాకున్న కోపం అక్కడితో పోయింది. పెద్దమ్మ ఆ తర్వాత పన్నెండేళ్ళు ఒక్క స్వరం కూడా పాడకుండా ఆ ఉద్యోగం చేసింది. మోకాళ్ళు, నడుము అన్నీ మొరాయించాక తనే మానుకుంది.

ఆ సాయంత్రం మాత్రం నేను మరిచిపోలేను. బస్టాపులో నిలబడ్డాం. జనం కిటకిటలాడుతున్నారు. పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవరికీ వినపడకూడదనే పాడానే ఇన్నాళ్ళూ. అదే నా పని అనుకున్నా. వాళ్ళు వింటున్నారే! రోజూ నన్నే వింటున్నారే!"

అని, ఏడ్చింది. ఆపరేషన్ అయిన గొంతుతో, అడ్డూ ఆపూ లేకుండా, డాక్టరు చూస్తే చీవాట్లు పెట్టేంత గట్టిగా ఏడ్చింది. బస్టాపులో జనమంతా తిరిగి చూశారు. ఆమె ఎవరినీ లెక్కచెయ్యలేదు.