ఎవరి పేరో ఉన్న గిన్నె

మా చిన్నప్పుడు... లడాయి నడుస్తున్న రోజులు. రెండో ప్రపంచ యుద్ధాన్ని మా వైపు అట్లాగే అనేవారు. అక్క సంబంధం కోసం పిల్లగాడి ఇల్లు చూడటానికి బాపు, అమ్మ, నేను సిద్దిపేట నుంచి జగదేవ్‌పూర్‌కు ఎడ్ల బండిలో పోతున్నాం.

ప్రజ్ఞాపూర్ దాటాక ఎడ్లకు నీళ్లు పెట్టడానికి బాపు బండి ఆపాడు. ముందురోజే అక్కడ మిల్ట్రీ లారీలు ఆగి వెళ్లాయట... రాళ్ల పొయ్యిలు ఇంకా నల్లగా ఉన్నాయి. తుమ్మ చెట్టు కింద ఒక గిన్నె కనిపించింది. తెల్లటి పింగాణి పూత, నీలం అంచు. బోర్లిస్తే అడుగున నీలం అక్షరాలు... తెలుగు కాదు. బళ్లో నేర్పే ఉర్దూ కాదు.

బాపు పొయ్యిలోని బూడిద తీసుకొని రుద్దాడు. అక్షరాలు చెరగలేదు.

"పారేసిపోయినట్టున్నరు, తీస్కపోదాం" అంది అమ్మ.

"పేరు కొట్టిచ్చుకున్న గిన్నె ఎవలన్న పారేస్తరా? మర్శిపోయిన్రు. చదివేటోళ్లు దొరికితె ఎవలదో అడిగి ఇచ్చేద్దాం" అన్నాడు బాపు.

ఇప్పటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది... ఆ రోజుల్లో బిందె అయినా, చెంబు అయినా, తాంబాళం అయినా ఉలితో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేవారు. పెళ్లిళ్లలో అందరి సామాను కలిసిపోతే ఆ పేరు చూసే ఎవరిది వాళ్ల ఇంటికి చేర్చేవాళ్లు. గిన్నె మీద రాత ఉందంటే అది మనిషి పేరే. ఇంకోటి ఉంటుందని మాకు తెలియదు. వేరేవాళ్ల పేరున్న గిన్నె ఇంట్లో పెట్టుకున్నవాణ్ణి దొంగ అనేవారు.

కుదుపులకు పూత పెచ్చులూడుతుందని బాపు ఆ గిన్నెను బండిలోని ఎండుగడ్డిలో గుచ్చిపెట్టాడు. అదే మా కొంప ముంచింది.

జగదేవ్‌పూర్‌లో పిల్లగాడి మేనమామ మర్యాదగా తానే ఎడ్లు విప్పాడు. వాటికి గడ్డి వేద్దామని బండిలో చెయ్యి పెడితే గిన్నె దొర్లి కింద పడింది.

"ఏందన్నా, గడ్డిల దాచుకొచ్చిన్రు?"

"తొవ్వల దొరికింది" అని బాపు వచ్చిన దారి వైపు చూపించాడు.

"తొవ్వల దొరికింది గడ్డిలకెట్ల వాయె?" గిన్నె బోర్లించి చూశాడు. "గిదేం పేరు, మీది గాదు గద. గిన్నెలు దొరికే తొవ్వ మాకు గూడ చూపియ్యిరాదు."

అరుగు మీదివాళ్లు నవ్వారు. పిల్లగాడి తల్లి నవ్వలేదు. చెంబుతో నీళ్లు పట్టుకొని గడప దగ్గర నిలబడింది... ఆ నీళ్లు మాకు ఇవ్వలేదు. ఆమె చూపు ఇప్పుడు తలచుకున్నా నా ముఖం వేడెక్కుతుంది. నేను అమ్మ కొంగు వెనక్కి పోయాను. అంతకు ముందు ఒక సంబంధం తప్పిపోయిన అక్క ఇంటి దగ్గర ఎదురుచూస్తోంది. ఈ సంబంధమూ ఈ వాకిట్లోనే తెగిపోతుందని నాకూ తెలిసిపోయింది.

బాపు మెల్లగా అన్నాడు. "పిల్లగాడు ఇంగ్లీషు చదివిండంట గద. గిది ఇంగ్లీషో ఏందో... ఒక్కసారి చూడుమను. ఎవల పేరున్నదో చెప్తె, వాళ్లకే ముట్టజెప్త. మీరూ ఎంబడి రాన్రి."

సంబంధం తెచ్చిన పెద్దమనిషి ఆ ఇంగ్లీషు మాట ఊరంతా చెప్పి ఉన్నాడు. పిల్లగాడు బయటికి వచ్చాడు. గిన్నె చేతిలోకి తీసుకున్నాడు. ఇటు తిప్పాడు... అటు తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"చదువు కొడుకా" అంది తల్లి.

అతను తల ఎత్తలేదు. అరుగు మీద నవ్వు ఆగిపోయింది. ఇందాక మా మీద ఉన్న చూపులన్నీ ఇప్పుడు అతని మీద ఉన్నాయి.

బాపు రెండడుగులు ముందుకు వేసి అతని చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. "అచ్చరాలు అరిగినయి కొడుకా. ఎవలకు మాత్రం కనవడతయి." భుజం మీది కండువాలో దాన్ని చుట్టేశాడు.

అక్షరాలు అరగలేదు. ఎండలో మెరుస్తూనే ఉన్నాయి. అది వాకిట్లో ఉన్న అందరికీ కనిపించింది. మేనమామ ఎడ్ల వైపు తిరిగాడు. పిల్లగాడి తల్లి చెంబు ముందుకు చాపి, "కాళ్లు గడుక్కోన్రి అన్నా, పొద్దెక్కింది" అంది.

తిరుగుదారిలో అమ్మ ఉండబట్టలేక అంది. "గా పిల్లగానికి ఇంగ్లీషు రాదు."

"రాదు. ఏదో ఒక దొర పేరు చెప్తె మనకెర్కనా? అయినా అబద్దం చెప్పలే" అన్నాడు బాపు.

అతనే మా బావ అయ్యాడు.

గిన్నె మాత్రం అటక ఎక్కింది. అందులో ఎవరూ తినలేదు. బాపు దాన్ని మళ్లీ ఎవరికీ చూపించనూ లేదు... చూపిస్తే బావకు ఇంగ్లీషు రాదన్న మాట పైకి వస్తుందని. పరాయి పేరు ఇంట్లో పెట్టుకున్నానన్న సిగ్గు తానే మోశాడు.

కొన్నేళ్లకు నేను అగ్గిపెట్టెలూ, గ్యాసునూనె అనే కిరసనాయిలు డబ్బాలూ చూసి సొంతంగా ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం గిన్నె దించి కూడబలుక్కున్నాను... 'మేడ్ ఇన్ జపాన్'. తెలిసినవాళ్లను అడిగి అర్థం తెలుసుకొని, వాకిట్లో తాడు పేనుతున్న బాపుకు చెప్పాను.

"మనిషి పేరు గాదా?"

"కాదు బాపు. చేసిన దేశం పేరు."

బాపు తాడు పక్కన పెట్టి గిన్నె బోర్లించి చూశాడు. ఆ తర్వాత అన్న మాట ఒకటే. "మీ బావ వచ్చినప్పుడు గిది బయట వెట్టకు."

రోజూ పద్దు రాసుకోవడం తప్ప ఇలాంటివి రాసే అలవాటు నాకు లేదు. బాపు లేడు, బావా లేడు కనుక రాస్తున్నాను. ఇప్పుడు ఒకరికి ఏదైనా రాదని తెలిస్తే చాలు, ఫోనులో పెట్టి ఊరంతా నవ్వుతున్నారు... ఆ వాకిలి గుర్తొచ్చి తలదించుకుంటాను.

గిన్నె నా దగ్గరే ఉంది. ఇన్నేళ్లు తుడిచి తుడిచి అక్షరాలు ఇప్పుడు నిజంగానే అరిగిపోయాయి.

మీ ఇంట్లో పాత గిన్నె ఉంటే ఒకసారి బోర్లించి చూడండి... ఎవరి పేరుందో ఇక్కడ రాయండి.