పిట్ట ముట్టని విస్తరి

మొన్న ఆదివారం కరీంనగర్‌లో మా చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరు ప్రేమ గురించి ప్రసంగం చేశాడు. కుర్రవాడు, గొంతు పెద్దది, మైకు అక్కర్లేదు గానీ వదలడు. "ప్రేమున్నోడు ఎదుటోళ్ల మనసు నొప్పియ్యడు, తన పట్టు జర తగ్గించుకుంటడు" అని చెప్పి, పెద్దవాళ్లందరినీ ఆమెన్ అనమన్నాడు. అందరూ అన్నారు. నేను అనలేదు. పక్కనున్న కోడలు మోచేత్తో పొడిచినా అనలేదు. నాకు మా బాపు, అంటే మా నాన్న, యాదికొచ్చాడు.

బాపు వయసులో ఉన్నప్పుడే ప్రభువును నమ్ముకున్నాడు. మా అమ్మ, అదే మా అవ్వ, ఆయన వెంట నడిచింది. సంఘంలో ఆయన పెద్ద. అబద్ధమాడడు, బీడీ ముట్టడు, కల్లు వాసన వస్తే రోడ్డు దాటి అవతలి పక్క నడుస్తాడు. ఇంత మంచివాడితో కాపురం ఎంత కష్టమో మా అవ్వనడగాలి. ఆయన అక్క, అంటే మా మేనత్త, చెన్నూరులో ఉండేది. ఆమె పాత దేవుళ్లనే కొలిచేది. మొగుడు ఎప్పుడో పోయాడు, ఒక్కడే కొడుకు. ఆ కొడుకు, మా బావ, దుబాయి పోయి, అక్కడ కడుతున్న బిల్డింగు మీది నుంచి పడి, పెట్టెలో తిరిగొచ్చాడు.

మూడో రోజు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టారు. మా దిక్కు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడతారు. కాకి ముడితే వాళ్ల మనసు చల్లబడినట్టు, ముట్టకపోతే ఏదో బెంగ మిగిలినట్టు. బావకు ఇష్టమని అత్త మటన్ కూర, సర్వపిండి చేసింది. కాకులు చెట్టు మీదే కూర్చున్నాయి గానీ దిగలేదు. పొద్దు నెత్తి మీదికొచ్చింది. తల్లి గురించి బెంగ పెట్టుకున్నడు, మేనమామ మాటియ్యాలె అన్నాడొక పెద్దమనిషి. అత్త వచ్చి బాపు చేతులు పట్టుకుంది.

"తమ్మీ, ఒక్క మాట అను. మీ అవ్వను నేను చూసుకుంట బిడ్డా, అను. నా కొడుకు బుక్కెడు తిని పోతడు."

"చచ్చినోళ్లతోని మాట్లాడుడు పాపమక్కా. మా దేవుడు ఒప్పడు," అన్నాడు బాపు.

"పిట్టకు చెప్పకు తియ్యి. నా దిక్కు చూసి నాకే చెప్పు."

దానికేం అడ్డమొచ్చిందో ఆ ప్రభువుకే తెలియాలి. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? "గా విస్తరి ముంగట ఎవలికి చెప్పినా పిట్టకు చెప్పినట్టే," అని చేతులు విడిపించుకుని, చెప్పులేసుకుని బస్సుకు నడిచాడు. అవ్వ అత్తను పట్టుకుని, "వదినె, మేమున్నం, ఫికర్ చెయ్యకు," అంది. అత్త తలూపింది గానీ తమ్ముడు పోతున్న దిక్కే చూసింది. చివరికి ఆ విస్తరి ఆవుకు పెట్టారు. బాపు ఆ మాట తర్వాతైనా అనాల్సింది, అనలేదు. నలుగురిలో కాదన్నది మళ్లీ అంటే పట్టు సడలినట్టు కదా!

విచిత్రమేమంటే, మాట ఇవ్వలేదు గానీ చూసుకోవడం మాత్రం చూసుకున్నాడు. ఏటా కొత్త బియ్యం పంపాడు, ఇల్లు కురిస్తే రేకులు వేయించాడు, మందులు కొనిచ్చాడు. అత్త ఆ బియ్యం ఒక్కనాడూ తినలేదు. తాను రేషను బియ్యం తిని, ఇవి వండి పెరటి గోడ మీద కాకులకు పెట్టేది. ఒకసారి చూసి, ఏందత్తా ఇది అన్నాను.

"నా కొడుకు ఉపాసంతోని పోయిండు బిడ్డా. మామ పంపిన బువ్వన్న తిననీ."

ఈ సంగతి విని బాపు మండిపడ్డాడు, విగ్రహారాధన అని. అవ్వ కూర గిన్నె ఠక్కున ఆయన ముందు పెట్టి అవతలికి పోయింది.

అత్త పోయిన రోజు అందరం చెన్నూరు వెళ్లాం. బాపు వాకిట్లోనే చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి ఆమె పక్కన కూలబడి, చెవి దగ్గర నోరు పెట్టి, "అక్కా, నిన్ను నేను చూసుకుంటనే," అన్నాడు. మళ్లీ అన్నాడు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే, "ఇప్పుడెవలికి చెప్తున్నవయ్యా?" అంది. బాపు పోయి కూడా చాన్నాళ్లయింది, ఆయన మీద నా కోపం మాత్రం పోలేదు. ఆమెకు వినపడే నాడు ఆ మాటకు నిమిషం కూడా పట్టేది కాదు. ఆమె పోయాక ఎన్నిసార్లు చెప్పినా చెల్లదు.