గోండార్ బస్సులో అమ్మ వేసిన తువ్వాలు

మా చిన్నప్పుడు గుంటూరు బస్టాండులోకి పొన్నూరు బస్సు వచ్చి ఆగీ ఆగకముందే, మా అమ్మ చేతిలోని తువ్వాలు కిటికీలోంచి సీట్లో పడిపోయేది... ఇక ఆ సీటు మాదే. ఎవరైనా దాన్ని పక్కకి నెట్టి కూర్చున్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే. మిరప కల్లాల్లో పెరిగిన గొంతు ఆవిడది.

ఆ తువ్వాలు పట్టుకునే ఇథియోపియా కూడా వెళ్ళింది మా అమ్మ.

అప్పట్లో మన వైపు నుంచి చాలామంది మాస్టార్లు ఆ దేశంలో పాఠాలు చెప్పడానికి వెళ్ళేవాళ్ళు. మా నాన్నా వెళ్ళారు... గోండార్ అనే ఊరికి. ఆయన్ని చూసి రెండేళ్ళయింది. నాకు పదేళ్ళప్పుడు వేసవి సెలవులకి అమ్మా నేనూ బయల్దేరాం.

తీరా రాజధాని ఆడిస్ అబాబాలో విమానం దిగితే నాన్న లేరు! ఆయన స్నేహితుడొచ్చి మమ్మల్ని వాళ్ళింటికి తీసుకెళ్ళారు. నాన్నకి పరీక్షల పని పడిందట. పది రోజులు ఆగితే తనే వచ్చి తీసుకెళ్తానని కబురు. మాకున్నదే నెల రోజుల సెలవు. అమ్మ మొహం కందగడ్డ అయిపోయింది.

ఆ ఇంటి ఆంటీది వేటపాలెం. మంచావిడే, కాకపోతే భయం ఎక్కువ.

"ఇక్కడ మనం బస్సులెక్కం వదినా... భాష రాదు, దారి తెలీదు. మూడేళ్ళైంది వచ్చి, నేనింకా ఎక్కలా," అంది.

"పెళ్ళైన కొత్తలో నాకు గుంటూరూ తెలీదు. అడిగితే చెప్పారు," అంది అమ్మ.

"అన్నయ్యగారు కోప్పడతారేమో..."

"పడనీ. ఎదురుగా ఉండి కోప్పడి ఎన్నాళ్ళయింది!"

ఆ సాయంత్రమే నన్ను వెంటేసుకుని బస్టాండుకి వెళ్ళింది. "గోండార్... గోండార్..." అంటూ కనిపించినవాళ్ళనల్లా అడిగి, రెండు వేళ్ళు చూపించి, టిక్కెట్లు కొనేసింది. మర్నాడు తెల్లవారుతుండగా బస్సు వచ్చింది. ఇంకేముంది... తువ్వాలు కిటికీలోంచి లోపలికి!

లోపల తెల్లటి శాలువా కప్పుకున్న ఓ మామ్మ దాన్ని తీసి, దులిపి, మడతపెట్టి, కిటికీలోంచి మర్యాదగా అమ్మకి అందించింది. గాలికి ఎగిరొచ్చిందనుకుందేమో పాపం. అమ్మ మళ్ళీ వేసింది. ఆవిడ మళ్ళీ మడతపెట్టి ఇచ్చింది. మూడోసారికి బస్సంతా నవ్వులు. చివరికి క్లీనర్ వచ్చి మా టిక్కెట్టు మీది అంకె చూపించాడు... సీట్లకి నంబర్లున్నాయి!

అమ్మ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత అందరికంటే గట్టిగా నవ్వింది. "ఇదేం చోద్యమే! ఎవరి సీటు వాళ్ళకి ముందే రాసిచ్చేస్తే ఇంక పోట్లాడేదెట్టా?"

రెండు రోజుల ప్రయాణం. మన పత్తి చేలల్లోలాగా బల్లపరుపు నేల కాదు... కొండెక్కడం, లోయలోకి దిగడం, మళ్ళీ ఎక్కడం. నేను భయంతో అమ్మ కొంగు వదల్లేదు. మధ్యాహ్నం పుల్లటి పెద్ద అట్టు మీద ఎర్రటి కూర పెట్టారు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అమ్మ మాత్రం లొట్టలేసింది. "కారం తెలిసిన మనుషులే. భయం లేదు, తిను," అంది.

ఆ బస్సులు రాత్రిపూట నడవవు. దారిలో ఒక ఊళ్ళో ఆగితే, ఆ మామ్మే మా చెయ్యి పట్టుకుని తను దిగిన చోటే మాకూ గది ఇప్పించింది. ఆవిడ తన భాషలో, అమ్మ తెలుగులో... పడుకునేదాకా కబుర్లే!

రెండో రోజు సాయంత్రం గోండార్‌లో దిగి, నాన్న ఉత్తరం మీది అడ్రసు అందరికీ చూపిస్తూ ఇల్లు పట్టుకున్నాం. తలుపు తీసిన నాన్న కొయ్యబారిపోయారు. తేరుకున్నాక అరిచారు. "చిన్నపిల్లనేసుకుని ఒక్కదానివి ఎట్టా వచ్చావ్? ఏమన్నా అయితే?"

అమ్మ సంచి కింద పెట్టింది. "దారిలో ఏమీ కాలా. రెండేళ్ళు మిమ్మల్ని చూడకుండా ఉంటే నాకేమీ అవదనుకున్నారా?"

నాన్న ఆ సంచి తీసి లోపల పెట్టారు. ఆ రాత్రి ఆయనే వండారు. కూరలో ఉప్పు మర్చిపోయారు. అమ్మ అడిగి మరీ రెండోసారి వడ్డించుకుంది.

మా బంధువుల్లో ఇప్పటికీ "ఏదో అదృష్టం బాగుండి గట్టెక్కారు" అనేవాళ్ళున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మూడేళ్ళుగా ఇంట్లోనే ఉన్న ఆంటీకి లేని అదృష్టం, దిగిన సాయంత్రానికే మా అమ్మకెక్కడ దొరికిందట?

ఇప్పుడు దూరాన ఉన్నవాళ్ళ మొహం రోజూ ఫోన్లోనే కనిపిస్తుంది... మంచిదే, కాదనను. కానీ ఒక మనిషిని చూడాలంటే రెండు రోజులు కుదుపులు తింటూ వెళ్ళాల్సిన రోజుల్లో మా అమ్మ వెళ్ళింది. ఎవరి పర్మిషనూ అడగలేదు.

మీ ఇళ్ళల్లో అలా బస్సెక్కేసిన ఆడవాళ్ళు ఎవరున్నారో రాయండి... వాళ్ళది అదృష్టమని మాత్రం నా గోడ మీద రాయకండి.