దుంప చూడకుండా చెప్పిన పేరు

నా భార్య అన్నకి కోటవురట్ల వెళ్ళే దారిలో నర్సరీ ఉంది. నేను అనకాపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ ల్యాబ్ అటెండర్ని. ఎండబెట్టిన ఆకుల్ని అట్టల మీద అంటించి, కింద పేర్లు రాసి, అద్దాల బీరువాలో సర్దడం ఏళ్ళ తరబడి నా పని. మొక్కల పేర్లు నాకు అలా వచ్చాయి. ఆ బావ పదో తరగతి గట్టెక్కలేదు. అయినా కార్లు దిగినవాళ్ళు అతన్ని "సార్, ఇది నీడలో బతుకుతుందా?" అని అడుగుతారు. నన్ను మా లెక్చరర్లు "బీకర్లు కడిగేవా?" అని అడుగుతారు. ఆ మంట నాకు ఎప్పుడూ ఉండేది.

కోపానికి సరైన కారణాలు లేకపోలేదు. రంగురంగుల ఆకులుండే మామూలు కోలియస్‌కి నోరు తిరగని విదేశీ పేరు తగిలించి అమ్మేవాడు. మొగ్గైనా వెయ్యని గులాబీ మొక్కకి నల్లగులాబీ ఫోటో కట్టేవాడు. నేను వెళ్ళినప్పుడల్లా కొనేవాళ్ళ ముందే అసలు పేరు చెప్పేవాణ్ణి.

"బావా, నీ కాలేజీ తెలివి నా నర్సరీ కాడ సూపించకు," అని ఒకసారి అతను నా మీద పళ్ళు కొరికాడు.

"నువ్వు అబద్దం ఆడకపోతే నానెందుకు నోరిప్పుతాను?" అన్నాను.

ఆ తర్వాత నేను వెళ్తే టీ ఇవ్వడం మానేశారు.

పోయిన ఏడాది మా చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు గేటు నుంచి మెట్ల దాకా పూలకుండీలు పెట్టాలనుకున్నారు. ఊదారంగు పూలు పూసే గ్రౌండ్ ఆర్కిడ్‌లు తెస్తానని బావ ఒప్పుకున్నాడు. అదే చర్చిలో కూర్చునే నన్ను ఒక్క మాట ఎవరూ అడగలేదు. వానలు మొదలయ్యాక ఒక ఆదివారం, ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికి కుండీలు రెండు వరసల్లో ఉన్నాయి. ఒక్క పువ్వు లేదు. ఆకులు పొడుగ్గా, విసనకర్రలా నిలువు మడతలు పడి ఉన్నాయి. అచ్చం తాటి జాతి చిన్న పామ్ మొక్కల్లాగే. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. అది మంచి సంతోషం కాదని అప్పుడే తెలుసు.

"ఇవి ఆర్కిడ్లు కావు," అన్నాను అందరికీ వినపడేలా. "పామ్ మొక్కలు. పదేళ్ళు నీళ్ళు పోసినా ఊదాపువ్వు పూయవు."

బావ ముఖం నల్లబడింది. "నువ్వు సూసేవేటి? దుంప సూసేవేటి?"

"ఆకు సూత్తే సాలు. ఈ పని నాకు ఇరవయ్యేళ్ళుగా తెలుసు."

స్త్రీల సమాజం పెద్దావిడ నావైపు, అతనివైపు చూసింది. కాలేజీ మనిషి మాటకే విలువ వచ్చింది. "తీసుకెళ్ళిపో నాయనా, దేవుడి ఇంట్లో మోసం ఎందుకు," అంది. బావ ఒక్కడే కుండీలన్నీ ఆటోలోకి ఎక్కించాడు. సాయం పట్టమని ఎవరినీ పిలవలేదు. నేను మెట్ల మీద నిలబడి చూశాను. ఇంటికి వెళ్ళాక నా భార్య తలుపు తీస్తూ, "పరాయోడికైనా ఇలగ సెయ్యరు," అంది.

చర్చి దారికి వేరే చోట నుంచి క్రోటన్లు వచ్చాయి. బావ అమ్మేవన్నీ దొంగమొక్కలని ఊళ్ళో మాట పుట్టింది. నేను ఆ మాట ఖండించలేదు, కొన్నిచోట్ల కొంచెం పెంచాను కూడా.

చలి మొదలయ్యాక ఒక రోజు నా భార్య పుట్టింటివాళ్ళని చూసి వచ్చి, సంచి కింద పెట్టకుండానే చెప్పింది. "పూసేయి. అన్నీ పూసేయి. ఊదారంగే."

నమ్మలేదు. మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. నర్సరీ ముందు వరసలోనే ఉన్నాయి, సన్నటి నిలువు కాడల చివర గుత్తులుగా ఊదాపూలతో. బావ వెనక షెడ్డులో ఉన్నాడు. నేను వంగి ఒక కుండీలో వేలితో మట్టి తోడాను. కాడ మొదలు దగ్గర చిన్న ఉల్లిపాయంత దుంప తగిలింది. పామ్ మొక్కకి అలాంటిది ఉండదు. ఆ రోజు చర్చి దగ్గర వేలు పెట్టి ఉంటే నిమిషంలో తెలిసేది. అసలు తెలుసుకోవాలనే నాకు లేదు.

దుంప తగిలిన సంగతి నేను చెప్పకపోయినా నా భార్య వదల్లేదు. "సంగం ముందు అన్నారు గదా, సంగం ముందే సెప్పండి."

చెప్తానన్నాను. ఆ ఆదివారం పాస్టరు గారు తమ తప్పులూ మేళ్ళూ లేచి చెప్పుకునే సాక్ష్యాలు ఎవరైనా చెప్తారా అని అడిగినప్పుడు నేను పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. బయట చెప్పుల దగ్గర సమాజం పెద్దావిడ ఒంటరిగా దొరికితే, "ఆ మొక్కల విషయంలో చిన్న పొరపాటు జరిగిందండి," అని గొణిగాను. ఆవిడ ఎండకి కొంగు కప్పుకుంటూ, "ఏ మొక్కలు?" అంది. నేను చెప్పులు తొడుక్కుని గేటు దాటేశాను.

తర్వాత నర్సరీకి వెళ్ళాను. బావ పైపుతో నీళ్ళు పడుతున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు మనీప్లాంటు ఎంచుకుంటున్నారు.

"బావా," అన్నాను.

అతను తల తిప్పలేదు. "సెవిలో సెప్పడానికొచ్చేవా? నన్నన్నప్పుడు మైకు లేకుండానే ఊరందరికీ ఇనిపించేవు గదా."

"నువ్వు కోలియస్‌కి దొంగపేర్లు పెట్టలేదా?" నా నోట్లోంచి అదే వచ్చింది.

అతను పైపు నా కాళ్ళ వైపు తిప్పాడు. చెప్పులు, ప్యాంటు అంచులు తడిసిపోయాయి. ఆ ఆడవాళ్ళు చూస్తున్నారు. అక్కడే, ఆ నీళ్ళలో నిలబడే, తప్పు నాది అని గట్టిగా అనొచ్చు. వినడానికి మనుషులు ఉన్నారు. అనలేదు. వెనక్కి తిరిగి బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చేశాను.

ఇంటికి వచ్చాక నా భార్య అడిగింది, "సెప్పేరా?"

"సెప్పేను," అన్నాను.

తర్వాతి ఆదివారం ఆమె ఒక్కతే అన్న దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చి బట్టలు మడతపెట్టింది, అన్నం వడ్డించింది. మజ్జిగ పోస్తూ, "మా అన్న మీ కాళ్ళు తడిపేడంట. మీరు సెప్పింది మాత్రం ఇనలేదంట," అంది.